శుభలేఖ అని తెరిచిన ఫైలు వెంట కల్వకుర్తి దాకా

మా వైపు పెండ్లి కార్డు మీద ఆహ్వానించే పెద్దల పేర్లు వరుసగా అచ్చు వేస్తారు. అందులో పేరు లేని మనిషి ఆ ఇంటికి కానివాడి కిందే లెక్క. కల్వకుర్తిలో ఉండే మా బావ తన పెద్ద కూతురి పెండ్లి కార్డులో ఊరి సర్పంచికి కూడా చోటిచ్చి, పిల్లకు స్వయానా మేనమామనైన నన్ను వదిలేశాడు. ఆనాటి నుంచి నేను వాళ్ల గడప తొక్కలేదు. అలాంటిది మొన్న ఉదయం అదే బావ నంబరు నుంచి ‘శుభలేఖ’ అనే ఫైలు వాట్సాప్‌లో వచ్చింది. చిన్న కూతురు సునీతకు సంబంధం కుదిరి ఉంటుందనుకున్నాను. ఈసారైనా నా పేరు వేశాడేమో చూద్దామని నొక్కాను. కార్డు కనబడలేదు, ఇన్‌స్టాల్ చేయమంటారా అని ఫోను అడిగింది. కళ్లజోడు లేకుండా ఏదో నొక్కాను. ఏం నొక్కానో గుర్తు లేదు.

ఇలాంటి ఫైళ్లు ఫోనులోకి దూరి, బ్యాంకు మెసేజీలు చదివి, మన పేరుతోనే మనవాళ్లందరికీ పాకుతాయని పత్రికల్లో చదువుతూనే ఉన్నాను. నా ఖాతా సంగతి తర్వాత. నకిరేకల్ బడిలో నా దగ్గర చదివినవాళ్ల గ్రూపు ఒకటి నా ఫోనులో ఉంది. అందులో సగం మంది కూలికి, హమాలీ పనికి పోయేవాళ్లే, కూలి డబ్బులు ఫోనుకే వస్తాయి. సార్ పంపాడంటే వెనకాముందూ చూడకుండా తెరుస్తారు. ఫోను ఆపేసి రిపేరు దుకాణానికి వెళ్తే, అతను ఫోను వంక కూడా చూడకుండా మొత్తం తుడిచేస్తానన్నాడు. ఈ కాలంలో అన్ని రోగాలకూ ఒకటే మందు. ఫైలు పంపినవాడినే ముఖాముఖి నిలదీద్దామని బయలుదేరాను. సునీత హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే కంప్యూటర్ ఉద్యోగం చేస్తుందని తెలుసు, అదొక ధైర్యం.

నకిరేకల్ నుంచి నల్లగొండకు బస్సులు తరచుగా ఉంటాయి. ముప్పావు గంట ప్రయాణం. అక్కడి నుంచి దేవరకొండకు దాదాపు రెండు గంటలు పడుతుంది, దారి పొడవునా బత్తాయి తోటలు, పత్తి చేలు, మధ్యమధ్య రాతి గుట్టలు. దేవరకొండ నుంచి కల్వకుర్తికి నేరుగా బస్సు కోసం కాచుకోవడం కంటే డిండి దాకా పోయి శ్రీశైలం రోడ్డులో వచ్చే బస్సు ఎక్కడం నయం. చార్జీలన్నీ కలిపినా మూడు వందలు దాటవు. ఒకప్పుడు ఈ ప్రాంతం కరువు గురించి పట్నంలో కూర్చుని పుస్తకాలు రాసి సన్మానాలు పొందిన పెద్దలు, ఇప్పుడు ఈ పచ్చదనం చూడడానికి ఒక్కసారైనా ఈ బస్సు ఎక్కితే బాగుండు. వాళ్లు ఎక్కరు.

దేవరకొండలో నా పక్కన కూర్చున్న ఆవిడ నేను మాటిమాటికీ జేబు తడుముకోవడం చూసి అడిగింది.

“పైసలు పోయినయా, తాతా?”

“లేదమ్మా, ఫోనులోకి ఏదో దూరిందని భయం.”

“శుభలేఖనా? మా ఇంటాయనకు గూడ అచ్చింది. నేను ముట్టనియ్యలే. పిలిచేటోడు ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవాలె గని, గిట్ల ఫోన్ల ఏస్తే అయితదా?”

నాకు పొద్దున ఈ మాట ఎందుకు తట్టలేదో అని డిండి వచ్చే దాకా నన్ను నేనే తిట్టుకున్నాను.

కల్వకుర్తి చేరేసరికి రెండు దాటింది. తలుపు తీసిన అక్క నీళ్ల చెంబు అందించింది. బావ మంచం మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

“ఏం బావా, కార్డు బాగనే పంపినవ్.”

“నేనేడ పంపిన? పొద్దటి సంది అందరు నన్నే తిడుతున్నరు!”

లోపలి నుంచి సునీత వచ్చింది. “నాకు పెండ్లంట, మామా. నాకే తెల్వదు. నీ ఫోన్ ఇటియ్యి.”

సిమ్ తీసి, నెట్ అందకుండా చేసి ఫోను తెరిచింది. “ఫైలు దిగితే ఏం గాదు. యాప్ లెక్క ఎక్కిందా, అది చూడాలె” అంటూ సెట్టింగ్స్‌లో యాప్‌ల వరుసంతా చూసింది. పేరు లేనిది, బొమ్మ లేనిది ఏదీ లేదు. మెసేజీలు చదివే అనుమతి, తెరను నడిపే అనుమతి ఎవరెవరికి ఉన్నాయో చూసింది. ఆ తర్వాతే ఇంటి వైఫై కలిపి ప్లే స్టోర్‌తో స్కాన్ చేయించింది. చివరికి వాట్సాప్ తెరిచి, నా నంబరు నుంచి ఎవరికీ ఏమీ పోలేదని చూపించింది.

“ఎక్కలే, మామా. తెలియని యాప్‌లను ఫోనే ఆపింది. నువ్వు ‘వద్దు’ అనే బటనే నొక్కినట్టున్నవ్.”

ఆ ఫైలును ఆమె చూస్తుండగా నేనే తీసేశాను.

బావ ఫోనులో మాత్రం పేరు లేని యాప్ దొరికింది. సునీత ముందే తన ఫోను నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించిందట. ఇక ఫోటోలు దాచి, ఫోను మొత్తం తుడవక తప్పదంది.

“నువ్వెందుకు తెరిచినవ్, బావా?”

“అచ్చంపేట తమ్ముని నంబర్‌కెల్లి అచ్చింది. నా పేరు ఎన్నో లైన్ల ఏసిండో చూద్దామని...”

వంటింట్లోంచి అక్క అంది: “ఒకనికొకడు సరిపోయిన్రు!”

నాకు నవ్వొచ్చింది. అతన్ని అంత తేలిగ్గా వదలకూడదని ఆపుకున్నాను. తర్వాత నేనూ బావా కలిసి, అక్క ఫోనూ సునీత ఫోనూ పట్టుకుని, బావ నంబరు నుంచి ఫైలు అందిన చుట్టాలందరికీ ఫోన్లు చేశాం. వాళ్లలో బావతో మాటలు మానేసినవాళ్లే ఎక్కువ. ‘ఆ ఫైలు తెరవకు’ అని మొదలైన మాట ‘మోకాళ్లెట్లున్నయి’ దాకా పోయింది. బావ గొంతు అంత మెత్తగా నేనెన్నడూ వినలేదు. ఆ రాత్రి అక్కడే తిన్నాను, అక్కడే పడుకున్నాను.

నలుగురిలో తమను ఎక్కడ నిలబెట్టారో తెలుసుకోవాలని మనుషులకుండే తహతహనే ఈ దొంగలు పట్టుకున్నారు. వాళ్ల తెలివిని మెచ్చుకోను గానీ, వాళ్లు తలపెట్టిన చెడుపు వల్లే నేను అక్క చేతి అన్నం తిన్నాను. తెల్లారి సిమ్ వేసి, జరిగిందంతా గ్రూపులో రాశాను. మార్కెట్‌లో హమాలీ పని చేసే సైదులు వెంటనే జవాబిచ్చాడు: “నాకు గూడ నిన్న వేరేటోళ్ల నంబర్‌కెల్లి అచ్చింది సార్. ఇప్పుడే తీసేసిన.”

ఈ దారిన వెళ్లేవాళ్లకే కాదు, ఫోనున్న అందరికీ ఒక్క మాట. శుభలేఖ అంటే బొమ్మగానో వీడియోగానో వస్తుంది, ఇన్‌స్టాల్ చేయమని ఎన్నడూ అడగదు. అడిగితే అక్కడే ఆపి, నెట్ తీసేసి, సెట్టింగ్స్‌లో కొత్త యాప్ ఏదైనా ఎక్కిందేమో చూడండి, ఎక్కితే వేరే ఫోను నుంచి ముందు బ్యాంకుకు చెప్పండి.