మారు వడ్డన

అమెరికాలోని నోవైలో మా ఇంటి ఓనరు మార్గరెట్ స్నేహితులను భోజనానికి పిలిచారు. వండిన కీమా మీద ఆలుగడ్డ ముద్ద పరిచి ఓవెన్‌లో కాల్చే 'పై' అనే వంటకం చేస్తుంటే, కొలతలు నేను చూశాను. మనిషికి రెండు ముక్కల చొప్పున లెక్కవేసి పెద్ద ట్రేలు పెట్టించాను.

"ఇక్కడ ఎవరూ మారు అడగరు. పోయినసారి సగం చెత్తలో పారేశాను, ఏడుపొచ్చింది," అన్నారావిడ.

"వాళ్లు అడగకపోతే మనం అడుగుదాం," అన్నాను.

అనుకున్నట్టే అందరూ ఒక్క ముక్క తిని ఆపేశారు. ట్రే పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లాను.

"ఈ అంచు ముక్క కరకరలాడుతోంది. మీకోసమే ఉంచాను. మొహమాటపడకండి."

నవ్వుతూనే ప్లేట్లు చాపారు. చివరికి ఒక్కటే మిగిలింది. లెక్క ప్రకారం అది నా రెండో ముక్క. కడుపు నిండింది, వదిలేద్దామనుకున్నాను.

మార్గరెట్ గరిటె అందుకున్నారు.

"మీకోసమే ఉంచాను. మొహమాటపడకండి."