నాము ఎక్కిన జొన్న చేను

కోతకు పెంచిన పశువు కోసం ఏడవకూడదట. ఆ ఎండాకాలం మా ఊళ్ళో కనీసం నలుగురు ఆ మాట నా ముఖం మీదే అన్నారు. వాళ్ళలో ఒక్కరూ దానికి ఒక పూటైనా కుడితి పెట్టినవాళ్ళు కాదు.

మాది నందికొట్కూరు దగ్గరి పల్లె. మా నాన్న దున్నదూడల్ని మాంసానికి పెంచేవాడు. బర్రెకు ఆడదూడ పుడితే ఆ ఇంట్లో సంబరం, మగది పుడితే దానికి పట్టే పాలు దండగ. తల్లి పొదుగు దగ్గరికి రానివ్వకుండా ఎండలో కట్టేస్తే కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది, చంపామన్న మాటా పడక్కర్లేదు. అలా డొక్కలు తేలిన దూడల్ని నాన్న ఆటోలో వేసుకొచ్చి, రెండేళ్ళు సాకి, నున్నగా చేసి పట్నం వ్యాపారికి ఇచ్చేవాడు. మేం ఆ మాంసం తినం. ఊళ్ళో పెద్దమనుషులు నాన్నను చాటుగా కసాయివాడనేవాళ్ళు. తమ మగదూడను తెచ్చి మా కొట్టం ముందు వదిలిపోయేదీ వాళ్ళే.

చివరికి కత్తికే కదా ఇచ్చేది, ఎందుకంత గారాబమని ఒకసారి నేనే అడిగాను. ఆయన దూడకు ఒళ్ళు తోముతూనే, "సావు మన శేతిలో లేదుమ్మా. ఉన్నన్నాళ్ళు దాని కడుపు మాడకుండా సూసుకునేది మన శేతిలోనే ఉండాది" అన్నాడు.

మా ఆయన పోయాక నేను పుట్టింటికి వచ్చేశాను. నాన్నకు ఓదార్చడం చేతకాదు. నెల కూడా నిండని దూడను ఒకదాన్ని తెచ్చి నా ముందు దింపి, సీసాతో పాలు పట్టమని చెప్పి పొలానికి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. అయినా పట్టాను. వారం తిరిగేసరికి అది నా చీర కొంగు నములుతూ ఇల్లంతా వెంట తిరిగేది. పెద్దదయ్యాక మధ్యాహ్నపు ఎండకు నాలుగు బిందెల నీళ్ళు నెత్తిన పోస్తే తప్ప కొట్టంలోకి వచ్చేది కాదు. దానికంత పొగరు నేర్పింది నువ్వేనని నాన్న నన్ను ఎగతాళి చేసేవాడు.

దానికి రెండేళ్ళు నిండే ఎండాకాలం మేత అయిపోయింది. వానలు మొహం చాటేశాయి, మేతకు దాచిన శనక్కట్టె, అదే వేరుశనగ కట్టె, వామి అడుగుకంటా వచ్చేసింది. కొట్టంలో నాలుగు దున్నలు. గిన్నె చప్పుడైతే చాలు నాలుగూ ఒకేసారి తలలెత్తేవి. వాటి ముందు అన్నం తినడానికి సిగ్గేసి వంటింటి తలుపు వేసుకుని తినేదాన్ని.

మా చేలో కోసేసిన జొన్న మోళ్ళు మాత్రం పచ్చగా చిగిర్చాయి. ఎండకు వడలిన ఆ పిలకల్లో విషం ఉంటుంది. నాము అంటాం దాన్ని. చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతే. గట్టి వాన పడితే నాము విరుగుతుందని, అప్పటిదాకా ఆ గట్టు కూడా ఎక్కనివ్వొద్దని నాన్న మరీ మరీ చెప్పి, కాలువ కింది ఊళ్ళకు వరిగడ్డి వెతకడానికి వెళ్ళాడు. వెళ్ళి రెండు రోజులైంది.

మూడో రోజు తెల్లవారుజామున జల్లు పడింది. దుమ్ము అణిగింది, మట్టి వాసన వచ్చింది. ఇదే ఆ వాన అనుకున్నాను. నిజం చెప్పాలంటే, అనుకోవాలనిపించింది కాబట్టి అనుకున్నాను. వేలితో మన్ను గీకి చూసి ఉంటే తడి గోరంత లోతు కూడా దిగలేదని తెలిసేది. నాలుగింటినీ తోలుకుపోయి గట్టు మీది చెట్లకు కట్టి, మొదట నేను పాలు పట్టి పెంచినదాన్నే వదిలాను. కన్నబిడ్డల్లో కూడా ఇంత పక్షపాతం చూపించకూడదు.

అది తలెత్తకుండా మేసింది. నేను నిలబడి మురిసిపోయాను. రెండోదాని పలుపు విప్పుతుండగా వెనక దబ్బుమన్న చప్పుడు. తిరిగి చూస్తే అది కాళ్ళు కొట్టుకుంటోంది, నోట్లోంచి నురగ, ఎగశ్వాస. పక్క చేనావిడ బెల్లం నీళ్ళు తెచ్చింది. పశువుల డాక్టరుకు ఫోన్ చేస్తే వేరే ఊళ్ళో ఉన్నాడు, బయల్దేరుతున్నానన్నాడు. అంతసేపు అది ఆగలేదు. దాని తల నా ఒళ్ళోనే ఉంది. చివరిదాకా నా వైపే చూసింది, నేనేదో చేస్తానని.

మధ్యాహ్నానికి నాన్న ట్రాక్టరు నిండా వరిగడ్డితో వచ్చాడు. చేలోకి వచ్చి చూశాడు. తువ్వాలుతో దాని మూతికంటిన పచ్చటి నురగ తుడిచాడు.

"నువ్వేం జేస్తావుమ్మా. నేనే శానా ఆలస్యం జేసినా" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. చెంప మీద కొట్టినా తీసుకునేదాన్ని. ఆ మాటతో నాకు ఏడవడానికి కూడా దారి లేకుండా పోయింది.

సాయంత్రం గుంత తీసి పూడ్చాక నేను కొట్టం వైపు వెళ్ళలేకపోయాను. నాన్నే వచ్చి, గడ్డి మోపొకటి నా చేతుల్లో పెట్టి, నువ్వే వెయ్యమన్నాడు. మిగిలిన మూడూ నన్ను చూసి ఎప్పటిలాగే మెడలు చాచాయి. అది వరిగడ్డి అని తెలుసు, ఎండిన గడ్డి అని తెలుసు. అయినా ప్రతి పిడికెడూ విప్పి, పరక పరకా చూసి, అప్పుడు పెట్టాను.