భాగీరథమ్మ ఎత్తిపెట్టిన గాజులు

బళేపేటలో పెద్ద దుకాణాల నడుమ, రెండు మెట్ల మీద, కూర్చుంటే మోకాళ్లు వీధిలోకి వచ్చేంత అంగడి భాగీరథమ్మది. ఆ సందులో గాజులు అమ్మేవాళ్లకు కొదవ లేదు, వేసేవాళ్లు తక్కువ. డజను గాజులు కాగితంలో చుట్టి ఇవ్వడానికి ఎవరైనా చాలు. ఎముక ముదిరిన చేతికి ఒక్కటీ చిట్లకుండా, నొప్పి తెలియకుండా ఎక్కించడం మాత్రం కొందరి చేతికే వస్తుంది. భాగీరథమ్మ పక్కన ఎప్పుడూ ఒక సత్తు గిన్నెలో సబ్బు నీళ్లు ఉండేవి. వచ్చినామె చేతిని ఆ నురగతో తడిపి, బొటనవేలి కింద కండను మెత్తగా లోపలికి ఒత్తి, ఇంటి సంగతులు అడిగేది. ఆమె జవాబు చెప్పడం ముగించేలోపు గాజు మణికట్టు దాటిపోయేది. అన్నీ వేశాక ఆ చేతిని రెండు కళ్లకూ అద్దుకునేది.

"గౌరమ్మ చెయ్యమ్మా ఇది. పట్టుకునే భాగ్యం నాది," అనేది.

భర్త చిక్కమునియప్ప వెనక కూర్చుని గాజులను తాడుకు ఎక్కించేవాడు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. మాట్లాడితే ఎగతాళే.

తొంభై రెండులో గౌరీ పండగకు ముందు అనసూయ అనే ఆమె తన కూతురు ఆశను వెంటబెట్టుకుని అంగడికి వచ్చింది. పిల్లకు ఎనిమిదేళ్లు. చేతులు రెండూ గౌను మడతల్లో దాచుకుని మెట్టు కిందే నిలబడింది.

"బిడ్డకు ఏ రంగు కావాలమ్మా?" అంది భాగీరథమ్మ.

"దానికి వద్దులే. నాకే వెయ్యి," అంది అనసూయ.

"అట్లంటే ఎట్ల? పండగ గదా. రా తల్లీ, చెయ్యి చూపించు."

పిల్ల తల్లివైపు చూసి, మెల్లగా చేతులు బయటికి తీసింది. మణికట్ల చుట్టూ, మోచేతి మడతల్లో చర్మం ఎర్రగా చితికి, నీరు కారుతూ ఉంది. గోళ్లతో రక్కుకున్న గీతలు. పక్కన గాజులు ఏరుకుంటున్న ఇద్దరు ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు దగ్గరికి లాక్కున్నారు.

"అందరూ గజ్జి అనుకుంటారు," అంది అనసూయ, గొంతు తగ్గించి. "గజ్జి కాదంట. ఎగ్జిమా అన్నారు పెద్దాసుపత్రిలో. బడిలో దీని పక్కన ఎవురూ కూర్చోరు."

భాగీరథమ్మ సబ్బు చేతులు కొంగుకు తుడుచుకుని ఆ చిన్న చేతిని తన ఒళ్లోకి తీసుకుంది. "నొప్పా, దురదా?" అని అడిగింది.

"దురద," అంది ఆశ. గాజుల వైపు చూసి, "చిలకపచ్చ," అంది.

"ఏమన్నావు?"

"రంగు. నాకు చిలకపచ్చ కావాల."

భాగీరథమ్మ నాలుగు చిలకపచ్చ గాజులు ఏరింది. కాగితంలో చుట్టి, దారం కట్టి, చెక్కపెట్టెలో ఒక మూల పెట్టింది.

"ఇవి నీవి. ఎవురు అడిగినా ఇయ్యను. నీ చెయ్యి మానినంక వచ్చి ఏయించుకో."

ఆ తరువాత ఆసుపత్రికి వెళ్లొచ్చిన ప్రతిసారీ తల్లీకూతుళ్లు అంగడి దగ్గర ఆగేవాళ్లు. అక్కడ చర్మం డాక్టరు ప్రేమకుమారి చెప్పినవన్నీ అనసూయ ఈమెకు అప్పజెప్పేది. గోరువెచ్చని నీళ్లే పోయాలి, ఒంటి తడి పూర్తిగా ఆరకముందే వ్యాసలీన్ రాయాలి, ఆయింట్‌మెంటు చెప్పినన్ని రోజులే వాడాలి, గోళ్లు పెరగనీయకూడదు. ఆశకు మాత్రం ఒక్కటే ప్రశ్న.

"నా పొట్లం ఉండాదా?"

"ఉండక యాడికి పోతాది? కాళ్లుండాయా దానికి?" అనేవాడు చిక్కమునియప్ప వెనకనుంచి.

పిల్ల చెయ్యి పెరిగింది. భాగీరథమ్మ ఆమెకు చెప్పకుండానే పొట్లం విప్పి, ఒక సైజు పెద్దవి పెట్టి మళ్లీ కట్టేది. మరుసటి గౌరీ పండగకు ఆశ మణికట్లు ఆరాయి. మచ్చలున్నాయి కానీ తడి లేదు. ఆ లేత చేతికి సబ్బు కూడా అవసరం కాలేదు. నాలుగు గాజులూ వాటంతటవే జారి కూర్చున్నాయి. అనసూయ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వీధివైపు తిరిగింది. దేవుడు ఎవరి చేత ఏ పని చేయిస్తాడో మనకు తెలియదు.

అలా పదేళ్లకు పైగా గడిచాయి. ఆశ పెళ్లి గాజులు కూడా భాగీరథమ్మే వేసింది. పెళ్లికొడుకు మోహన్‌కుమార్‌కు బొమ్మసంద్రలో ఫ్యాక్టరీ ఉద్యోగం. కాపురం అక్కడే.

ఆ పెళ్లయిన ఏడాదే భాగీరథమ్మ చేతులు చెడ్డాయి. మొదట వేళ్ల సందుల్లో దురద. తరువాత అరచేతులు మొద్దుబారి, పగుళ్లు విచ్చి, రక్తం కారడం మొదలైంది. ముత్తయిదువల చేతులు పట్టుకునే చెయ్యి శుభ్రంగా ఉండాలని ఆమె నియమం. చేతులు ఇలా అయ్యాయంటే ఎక్కడో మైల మిగిలిపోయిందనుకుంది. బేరానికీ బేరానికీ మధ్య సబ్బుతో కడిగేది. సాయంత్రం కాగే నీళ్లలో బట్టల సోడా వేసి తోమేది. ఎంత కడిగితే అంత పగిలేవి. ఎంత పగిలితే అంత కడిగేది.

"ఇంకా సొల్పం కడుగు," అనేవాడు చిక్కమునియప్ప. "అరిగిపోయినాయంటే నాకు ముద్ద పిసికేదానికి కూడా మిగలవు." ఎగతాళి చేస్తూనే గుడ్డ చింపి కట్టేవాడు.

ఆ గుడ్డలతోనే ఆమె పని చేసింది. వచ్చేవాళ్లు ఒక్కరూ నొచ్చుకునే మాట అనలేదు. "ఊరికే చుట్టి ఇచ్చేయమ్మా, ఇంట్లో ఏసుకుంటా" అనేవాళ్లు, అంతే. ఆ మంచి మాటే ఆమెకు ముల్లులా గుచ్చుకునేది. చెయ్యి చాచేవాళ్లు తగ్గి, తగ్గి, చివరికి రోజుకొకరు కూడా లేకుండా పోయారు.

రెండువేల ఐదు వేసవిలో ఆశ సీమంతానికి పిలవడానికి వచ్చింది. ఏడో నెల. వెంట అత్తగారు అక్కయమ్మ. ఆ ఎండలో కూడా మణికట్టు దాకా చేతులున్న రవిక తొడుక్కున్న మనిషి. కుంకుమ అందుకోవడానికి భాగీరథమ్మ చెయ్యి చాచగానే అక్కయమ్మ చూపు గుడ్డ మీద ఆగిపోయింది.

"ఏమది?"

"పగుళ్లమ్మా."

అక్కయమ్మ కుంకుమ భరిణె మూత పెట్టేసింది. "తప్పుగా అనుకోవద్దు. గాజులు మాత్రం మీ దగ్గరే తీసుకుంటాము. ఏసేదానికి వేరేవాళ్లను చూసుకుంటాము. కడుపుతో ఉండే బిడ్డ. అంటుకుంటే ఎట్ల?"

"అత్తా!" అంది ఆశ.

"నువ్వు ఊరుకో. ఇట్లాంటివి నాకు తెలుసు."

"న్యాయమేనమ్మా," అంది భాగీరథమ్మ. చెయ్యి కొంగు కిందికి పోయింది.

మర్నాడు ఆశ ఒక్కతే వచ్చింది. మెట్టెక్కి కూర్చుని ఆయాసం తీర్చుకుంది.

"లేయ్. ఆసుపత్రికి పోదాం. మన డాక్టరమ్మ ఇంకా ఉండారు."

"ఈ వయసులో నాకెందుకమ్మా? మీ అత్త చెప్పింది నిజమే గదా."

"నువ్వు నాకు పొట్లం ఎత్తిపెట్టినావా లేదా? నేను నా చేతులు ఎత్తిపెట్టినా నీకు. నువ్వు ఏస్తేనే గాజులు, లేకుంటే బోసి చేతులతో కూర్చుంటా పీట మీద. ఇంకా మూడు వారాలుండాది."

ప్రేమకుమారి జుట్టు నెరిసింది. ఆమె భాగీరథమ్మ గుడ్డ విప్పి, అరచేతిని తన ఉత్తచేతుల్లోకి తీసుకుని, కిటికీ వెలుగుకు తిప్పి చూసింది. ఎన్నో నెలలుగా తన చెయ్యి ఇంకొకరి చేతిలో ఉండడం ఎరగని భాగీరథమ్మకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"అంటుకుంటాదా అమ్మా ఇది?"

"అంటుకునేదైతే ఇట్లా పట్టుకుంటానా? ఇదీ ఎగ్జిమానే. రోజుకు ఎన్నిసార్లు కడుగుతారు చేతులు?"

"లెక్క పెట్టలేదమ్మా. మైల పోవాలని..."

"మైల కాదు. సబ్బే మీ చర్మంలో నూనెను తినేస్తోంది. ముప్పై ఏళ్లుగా నానబెట్టారు. సబ్బు, వేడినీళ్లు, సోడా, మూడూ మానండి."

"సబ్బు లేకుండా గాజు ఎట్ల పోతాదమ్మా?"

"అది మీ విద్య. నాకు తెలియదు," అని నవ్వింది డాక్టరు. పడుకునే ముందు ఆయింట్‌మెంటు పలచగా రాసుకుని, పైన పలచని ప్లాస్టిక్ కవరు తొడుక్కోమంది. మందు లోపలికి దిగడానికి కవరు. "పది రోజులే. తరువాత నాకు చూపించకుండా వాడొద్దు. పూర్తిగా పోతుందని చెప్పను. అణుగుతుంది, మళ్లీ ఎప్పుడైనా తల ఎత్తుతుంది. అప్పుడు దాచుకోకుండా రండి."

నాలుగో రోజు పొద్దున సంగతి ఇది. భాగీరథమ్మ కుడిచేతికి తల్లి వేసిన పాతగాజు ఒకటుంది. ఇరవై ఏళ్లుగా ఎంత సబ్బు పెట్టినా ఊడి రాలేదు. ఆ పొద్దున గాజు కిందికి దూరిన కవరు అంచును తీయబోతూ లాగితే, ఆ గాజు కవరు మీదుగా జారి ఒళ్లో పడింది. ఆమె దాన్ని చూస్తూ కూర్చుండిపోయింది. తరువాత, "ఏమయ్యా, ఇట్ల రా. చెయ్యి ఇయ్యి," అంది.

చిక్కమునియప్ప చేతికి కొత్త కవరు తొడిగి, పెద్ద సైజు గాజు ఒకటి తీసింది.

"పొద్దున్నే మొగోడికి గాజులేస్తాండావా! ఎవురైనా చూస్తే?"

"ఊరుకో. నీది మోటు చెయ్యి. దీనికి పొయ్యిందంటే ఎవురికైనా పోతాది."

గాజు కవరు మీద సర్రున జారి మణికట్టుకు చేరింది. ఆమె కవరు మెల్లగా కిందినుంచి లాగేసింది. గాజు ఉండిపోయింది. చిక్కమునియప్ప చెయ్యి ఆడించి చప్పుడు చేశాడు. "బాగుండాది. ఉండనీ," అన్నాడు. భాగీరథమ్మ గలగలా నవ్వింది. సత్తు గిన్నెలో సబ్బు నీళ్లు పారబోసి, దాన్ని గోడ పక్కన బోర్లించింది.

సీమంతం నాటికి పగుళ్లు పూడాయి. అరచేతులు ఎర్రగా, పలచగా ఉన్నాయి. బొటనవేలి దగ్గర ఒక్క గీత మిగిలింది. డాక్టరు మాట, కవరు సంగతి ఆశ తన అత్తగారికి చెప్పింది. పీట మీద బోసి చేతులతో కూర్చుంటానన్న మాట కూడా చెప్పింది. అక్కయమ్మ, "సరే, రానీ. అయితే కవరు మీదనే వెయ్యాల," అందట.

బొమ్మసంద్ర ఇంట్లో పీట ముందు భాగీరథమ్మ కూర్చుంది. ఏడో నెలకు ఆశ చేతులు కొంచెం ఉబ్బాయి. ఆకుపచ్చ గాజులు ఒక్కొక్కటే కవరు మీద దాటించింది. ఒక్కటీ చిట్లలేదు. ఆఖరున కవరు తీసేసి, మచ్చలు ఇంకా లీలగా కనబడే ఆ మణికట్టును కళ్లకు అద్దుకోబోయి, అక్కయమ్మ గుర్తొచ్చి ఆగింది. ఆశే చెయ్యి ముందుకు జరిపి ఆమె కళ్లకు ఆనించింది.

వచ్చిన ఆడవాళ్లందరూ వరుసగా చేతులు చాచారు. అక్కయమ్మ మాత్రం ఆ పక్కకే రాలేదు. ఇంటి పెద్ద ముత్తయిదువ గాజులు వేయించుకోకపోవడం భాగీరథమ్మకు వింతగా తోచింది. అందరూ భోజనాలకు లేచాక, తాంబూలం పళ్లెం తీసుకుని అక్కయమ్మ వంగింది. వంగినప్పుడు రవిక చెయ్యి పైకి జరిగింది. మణికట్టు పైన రూపాయంత ఎర్రటి మచ్చలు, వాటి మీద వెండిపొట్టు లాంటి పొలుసులు.

భాగీరథమ్మ పళ్లెం అందుకుంటూనే, ఆ రవిక చేతిని రెండు వేళ్లతో కిందికి లాగి సరిచేసింది.

అక్కయమ్మ మొహంలో రంగు పోయింది. అటూ ఇటూ చూసి, కింద కూలబడింది.

"పదకొండేండ్లు," అంది మెల్లగా. "మా అత్త నన్ను ఎవురి పిల్లోళ్లనూ ఎత్తుకోనిచ్చేది కాదు. అంటుకుంటాదనే నేనూ... మనవడు పుడితే ఎట్ల ఎత్తుకోవాలా అని. ఎవురికీ చూపించలా."

"డాక్టరుకు కూడానా?"

"మెడికల్ షాపులో అడిగి ట్యూబులు తెచ్చుకునేదాన్ని."

"మంగళవారం పొద్దున ఎనిమిదికి ఆసుపత్రి గేటు కాడ ఉండు. నేనూ చీటీ రాయించుకునేదుండాది. ఇద్దరం పోదాం." భాగీరథమ్మ పెట్టె మూత తెరిచింది. "నీది ఏదో ఆమె చెప్తాది. నేను చెప్పేదానికి లేదు. గాజుల సంగతి మాత్రం నాది. ఏ రంగు కావాల?"

"ఇప్పుడా? ఈ చేతికా?"

"ఇప్పుడు కాదు. ఎత్తిపెడతా. ఎవురు అడిగినా ఇయ్యను."

"ఎన్నాళ్లు ఎత్తిపెడతావు?"

"నీ కోడలికి ఏడాది పట్టింది. నాకేం తొందర లేదు."

అవతల భోజనాల పంక్తిలో సాంబారు కావాలని ఎవరో కేక వేస్తున్నారు. అక్కయమ్మ లేవలేదు. రవిక అంచును వేలితో తడుముతూ పెట్టెలోకి తొంగిచూసింది.

"ఎరుపు," అంది. "పెళ్లినాడు ఏసుకున్నది ఎరుపే."

భాగీరథమ్మ నాలుగు ఎర్ర గాజులు ఏరి, కాగితంలో చుట్టి, దారం కోసం వెతికింది.