అరవై ఒకటో పేజీ

ముప్ఫై నాలుగేళ్ళు లిఫ్టులు బాగుచేసి రిటైరయ్యాక ఆయన ఒక పుస్తకం రాశాడు. వీధిలో అందరికీ ఆయన లిఫ్టాయనే. పుస్తకం కూడా లిఫ్టుల్లో ఇరుక్కుపోయిన మనుషుల గురించే. పోట్లాడుకుంటూ ఎక్కి, గంటన్నర తర్వాత రాజీపడి దిగిన అన్నదమ్ములు; తలుపు తెరవగానే ఆయన్ని పట్టుకుని ఏడ్చేసిన పెద్ద ఆఫీసరు. అన్నీ తన కళ్ళతో చూసినవే.

ముగ్గురు ప్రచురణకర్తల గడప తొక్కాడు. ఒకరు, "మీరెవరో పాఠకులకు తెలియదు కదండీ" అన్నారు. ఒకరు జవాబే ఇవ్వలేదు. మూడో ఆయన ఎనిమిది నెలలు ఉంచుకుని, మొదటి పేజీ మీద టీ మరకతో తిప్పి పంపాడు. చివరికి సొంతంగా మూడొందల కాపీలు వేయించుకున్నాడు. బంధువులకు పంచితే అందరూ బాగుందన్నారు. ఎవరూ చదివినట్టు లేదు. మిగతా కట్టలు మంచం కిందికి చేరాయి.

అక్క కూతురు చూడటానికి వచ్చి ఆ కట్టల సంగతి విన్నది.

"ఇంటర్నెట్‌లో పెడదాం మామయ్యా. ఎవరైనా అడిగినప్పుడే ఒక్క కాపీ అచ్చేసి పంపుతారు."

"ఒక్క కాపీ కోసం మిషన్ ఎవరు తిప్పుతారే?"

"తిప్పుతారు. నువ్వు ఫొటో ఒకటివ్వు చాలు."

ఒక్క మధ్యాహ్నంలో పని అయిపోయింది. మీరెవరని ఎవరూ అడగలేదు. అదే ఆయనకు కాస్త వెలితిగా తోచింది. గుమ్మంలో ఆపేవాళ్ళే లేకపోతే, తాను అడుగుపెట్టింది ఇంట్లోనో సంతలోనో తెలియడం ఎలా? సంతే అని త్వరలోనే తెలిసింది. లిఫ్ట్ అని వెతికితే బరువులెత్తేవాళ్ళ గ్లౌజులు ముందు వచ్చేవి. తన పుస్తకం ఎక్కడో అడుగున ఉండేది. నాలుగు నెలలు ఒక్కరూ కొనలేదు.

తర్వాత ఎక్కడెక్కడి ఊళ్ళనుంచో ఒకటీ రెండూ అడగసాగారు. ఆ ఊళ్ళను ఆయన పటంలో వెతుక్కునేవాడు. ఒకరోజు మొదటి అభిప్రాయం వచ్చింది. ఐదు నక్షత్రాలకు రెండే. రాసింది ఎవరో లిఫ్టు మెకానిక్.

"అరవై ఒకటో పేజీలో ఈయన మెయిన్ స్విచ్ ఆపకుండానే తలుపు తెరిచి పాపను బయటికి తీశాడు. కథ కోసమైనా ఇలా రాయకూడదు. మా అన్నయ్య అలాగే తెరిచాడు. లోపలివాళ్ళు బతికారు, వాడు పోయాడు."

ఆయన ఫోను పక్కన పెట్టేశాడు. ఆ పూట అన్నం సయించలేదు. భార్య గుచ్చి గుచ్చి అడిగింది.

"ఎవరో ఏదో అన్నారని ఇంత దిగులా?"

"అన్నది నిజమే. అది కల్పించి రాసింది కాదు. ఆరోజు పాప ఏడుపు, వాళ్ళమ్మ కేకలు. పైకెళ్ళి స్విచ్ ఆపాలని తోచలేదు. మధ్యలో కరెంటొచ్చి లిఫ్టు కదిలుంటే నేనుండేవాణ్ణి కాదు."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"నాకే గుర్తు చేసుకోబుద్ధి కాలేదు. పాప బయటికొచ్చింది కదా, అందరూ మెచ్చుకున్నారు. అక్కడితో ఆపేసి రాశాను."

స్విచ్ ఆపినట్టు ఒక్క ముక్క మారిస్తే సరిపోయేది. రెండు రోజులు అదే ఆలోచించాడు. పుస్తకం ఎప్పుడంటే అప్పుడు దిద్దుకోవచ్చని మేనకోడలు చెప్పింది. ఆ వెసులుబాటే ఆయన్ని భయపెట్టింది. తప్పును ఇంత సులువుగా తుడిచేయొచ్చా? చివరికి పాత వాక్యాలు అలాగే ఉంచి, కింద ఒక పేరా చేర్చాడు. ఆరోజు తాను చేసింది తప్పని, బతికింది పనితనం వల్ల కాదని, ఈ పని నేర్చుకునేవాళ్ళు ముందు మెయిన్ ఆపాలని. మూడో రోజునుంచి అచ్చయిన ప్రతి కాపీలో ఆ పేరా ఉంది.

ఆ మెకానిక్ మళ్ళీ ఏమీ రాయలేదు. కొత్త కాపీ చూశాడో లేదో కూడా తెలియదు. కానీ ఎక్కడో ఒక శిక్షణ కేంద్రంలో పాఠం చెప్పే ఆవిడ, ఆ పేరాను తరగతిలో చదివి వినిపించానని రాసింది. మీరెవరో తెలియదని ప్రచురణకర్త అన్నట్టు ఆవిడ అనలేదు. లిఫ్టాయన ఎవరో ఆవిడకు అక్కర్లేకపోయింది.

అప్పటిదాకా రెండు కథలతో ఆపేసిన భార్య, ఆ వారం పుస్తకం మొదటినుంచి చదవడం మొదలుపెట్టింది. ప్రతి కథ దగ్గరా ఆగి అడిగేది.

"ఇక్కడ మెయిన్ ఆపారా?"

"ఆపాను."

"నిజం చెప్పండి."

"ఆపానే, చదువు."