కప్పలక్క పోయించిన నీళ్లు

ఆమెకి కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటుంది గానీ, దాన్ని జీతం కాగితం మీద తప్ప ఎవరూ వాడరు. పిల్లలకి ఆమె కప్పలక్క. ఊరూరా తిరిగే ఆ ప్రదర్శన బస్సులో బతికున్న వాటన్నిటికీ పదకొండేళ్లుగా ఆమే దిక్కు. మిగతావన్నీ బొమ్మలే: గాజు కళ్ల గుడ్లగూబ, రంగు వెలిసిన తాబేలు, మీట నొక్కితే కూసే పిట్టలు. పిల్లలు వాటిని ఒక్క నిమిషంలో చూసేసి బస్సు చివరున్న గాజు తొట్టి చుట్టూ మూగుతారు. అందులో పద్నాలుగు కప్పలు. కప్పల్ని చూడ్డానికి బస్సెక్కాలా అని వెక్కిరించే పెద్దమనుషులకి ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. "మీ ఇంటి దోమల్ని తినేది ఇవేనండీ, మీరు కాదు" అంటుంది.

మొగుడు పోయిన ఏడాది ఈ పనిలో చేరింది. అంతకు ముందు ఒక బడిలో సైన్సు గది తుడిచేది. జీవవైవిధ్యం అన్న మాట తడబడకుండా పలకడానికే వారం పట్టింది. ఇప్పుడు దాని మీద అరగంట మాట్లాడగలదు, అదీ పిల్లలు ఆవలించకుండా. బస్సుకి పెద్ద అయిన క్యూరేటరు మాట్లాడితే మాత్రం ఐదో నిమిషానికి ముందు వరసే కిటికీల్లోంచి చూడ్డం మొదలుపెడుతుంది. ఆయన పెద్ద చదువులు చదివాడు పాపం.

తొట్టి విషయంలో ఆమెకో పద్ధతి ఉంది. కుళాయి నీళ్లలో మందు కలుపుతారు, అది కప్పల ఒంటికి పడదు. అందుకని ఏ ఊరు వెళ్తే ఆ ఊరి చెరువు నీళ్లే తెచ్చి పోస్తుంది. అన్నీ ఒక్కసారే మారిస్తే కప్పలు బెదురుతాయని పాతవి పావు వంతు ఉంచుతుంది. ఊరు విడిచేటప్పుడు తొట్టిలోంచి తీసిన నీళ్లని రోడ్డు మీద పారబోయడానికి ఆమెకి మనసొప్పదు. చెరువులోంచి తెచ్చుకున్నవి చెరువుకే ఇవ్వాలంటుంది. పిల్లల్ని గట్టు మీద వరసగా నిలబెట్టి, తలా ఒక మగ్గు నీళ్లిచ్చి, ప్రమాణం చేయించి పోయిస్తుంది. "మా చెరువులో ఏ ప్రాణికీ నా వల్ల హాని రానివ్వను" అన్నది ఆ ప్రమాణం. అది రాసిందీ ఆమే. పిల్లలు మగ్గులు పట్టుకున్న ఫొటో కరపత్రం మీద వేస్తే, ఒకటి మడత పెట్టి పర్సులో దాచుకుంది. దాచుకోదా మరి? చదువు లేని మనిషి ఆలోచన అచ్చులో పడింది.

ఈ ఏడు బస్సు, ఎప్పుడూ లేనిది, వచ్చిన దారినే వెనక్కి తిరిగింది. మామూలుగా ఒక దారిన వెళ్లి మరో దారిన వస్తారు, చూసిన ఊరి మొహం మళ్లీ చూడరు. ఈసారి తొమ్మిది ఊళ్లు పూర్తయ్యాక ముందున్న వంతెన కుంగిపోయింది. బాగవుతుందేమోనని నెల రోజులు ఎదురుచూశారు. చివరికి, తిరిగొస్తూ ఒక్కో ఊళ్లో ఒక్కో పూట ఆగమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

మొదట ఆగిన ఊళ్లో టీచరమ్మ ఎదురొచ్చి నవ్వుతూ అంది: "మీరెళ్లాక మా ఊళ్లో దోమలు పెరిగాయి కప్పలక్కా. కప్పల అరుపే లేదు. మీ వెంట గానీ వచ్చేశాయా ఏమిటి?"

కప్పలక్క కూడా నవ్వింది. ఎండలు ముదిరాయి కదా, బురదలోకి దిగి ఉంటాయంది. ఆ పూట కూడా మగ్గులు పంచింది.

రెండో ఊళ్లో బడి వాచ్‌మన్ అదే మాట నవ్వకుండా చెప్పాడు. గట్టు మీద ఒకటే కంపు, పిల్లల్ని అటు పోనివ్వడం లేదన్నాడు. అయినా అవతలి గట్టున మగ్గులు పంచింది. అలవాటైన చెయ్యి ఊరికే ఉంటుందా?

మూడో ఊళ్లో ఎవరినీ అడగలేదు. తెల్లవారగానే తానే చెరువుకి వెళ్లింది. నీళ్లు నిండుగా ఉన్నాయి, గడ్డి పచ్చగా ఉంది. అడుగు వేస్తే గట్టు మీంచి టపటపా దూకాల్సినవి మాత్రం ఒక్కటీ దూకలేదు. గడ్డి తప్పించి చూసింది. కాళ్లు బార్లా చాపి వెల్లకిలా పడి ఉంది ఒకటి. దాని పక్కన ఇంకొకటి. వీపు మీద చర్మం తడి కాగితంలా ఊడి వస్తోంది. లెక్క పెట్టడం మొదలుపెట్టి ముప్పై దగ్గర మానేసింది.

అలాంటి చర్మాన్ని ఆమె ఎక్కడో చూసింది. ఎక్కడో ఏమిటి, రోజూ చూస్తోంది. తొట్టిలో రెండు కప్పలకి ఈ ఏడు బయల్దేరినప్పటి నుంచీ అలాగే పొర లేస్తుంటే, ప్రయాణాల బడలిక అనుకుని ఊరుకుంది.

గబగబా బస్సు దగ్గరికి వచ్చింది. మిగిలిన ఆరు ఊళ్ల బడులకీ ఫోను చేసింది. నాలుగు చోట్ల ఎత్తారు, నాలుగు చోట్లా అదే కథ. నీళ్లు పోసిన రోజు నుంచి అరుపు ఆగిన రోజు దాకా వేళ్ల మీద లెక్క కట్టింది. ఒక చోట ఇరవై రోజులు, ఇంకో చోట ఇరవై రెండు, మిగతా రెండు చోట్లా మళ్లీ ఇరవయ్యే.

క్యూరేటరు దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది.

"రుజువేదీ?" అన్నాడాయన. "ఎండలున్నాయి, పొలాల మందులున్నాయి, సవాలక్ష కారణాలుంటాయి. నువ్వు ఎక్కడా నోరెత్తకు."

"మీకు తెలుసు కదండీ."

ఆయన తొట్టి వైపు చూడలేదు. "కొన్ని కప్పలకి ఏమీ కాదు. జబ్బుని ఒంటి మీద మోసుకు తిరుగుతాయి, నీళ్లలోకి వదుల్తాయి. పొర ఊడుతున్నప్పుడే నాకు తట్టాల్సింది" అన్నాడు. అంతలోనే మళ్లీ ఆఫీసరైపోయాడు. "రేపు పత్రికల వాళ్లు వస్తున్నారు. కార్యక్రమం జరిగి తీరాలి."

రేపటి ఊరు ఆమె అక్కది. దారిలోనే ఉన్నా ఆ ఊళ్లో బస్సు ఇంతవరకూ ఆగలేదు, ఆ చెరువులో ఆమె మగ్గు ఇంకా ముంచలేదు. అక్క ఇంటి పెరడు దాటితే చెరువే. తల్లి లేని పిల్లని పెంచి పెద్ద చేసిన అక్క. ఆ చెరువొక్కటి దక్కితే చాలనుకుంది కప్పలక్క. ఉద్యోగం ఊడితే ఊడింది.

మర్నాడు గట్టు మీద మూడు వందల మంది పిల్లలు. వరసలో మొదట నిలబడింది అక్క మనవరాలు, రెండు జడలేసుకుని, రెండు చేతులా మగ్గు పట్టుకుని. క్యూరేటరు ఉపన్యాసం అయ్యాక కప్పలక్క ముందుకొచ్చి ఆ పిల్ల చేతిలోంచి మగ్గు తీసుకుంది.

"ఈ నీళ్లు పోయకూడదర్రా. వీటిలో జబ్బుంది. తొమ్మిది ఊళ్ల చెరువుల్లో నేనే పోయించాను. అక్కడ కప్పలన్నీ చచ్చిపోయాయి. నాకు తెలియదు. తెలియదంటే అవి లేచి రావు కదా."

ఫొటోలు తీసేవాళ్లు ఆగిపోయారు.

"చిన్నమ్మమ్మా, మరి ప్రమాణం?" అంది మనవరాలు.

"చెప్పండమ్మా. నీళ్లొద్దు, మాట చాలు."

పిల్లలు చెప్పారు. ఆమె గొంతు కలపలేకపోయింది. తరవాత బకెట్లన్నిటిలో బ్లీచింగు కలిపింది. తొట్టికి మూత బిగించి, పశువుల డాక్టరుకి కబురు పెట్టింది. ఇక బస్సెక్కక్కర్లేదని సాయంత్రానికల్లా క్యూరేటరు చెప్పేశాడు. అడ్డం చెప్పకుండా సంచీ తీసుకుని అక్క ఇంటికి నడిచింది.

అక్క పొయ్యి దగ్గరుంది. పెరటి తలుపు బార్లా తీసి ఉంది. చెరువు నిండా కప్పలే, వందలు, ఒకదాన్ని మించి ఒకటి అరుస్తున్నాయి. కప్పలక్క గడప మీదే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వారం రోజులుగా అలాంటి చప్పుడు వినలేదు. ఇదొక్కటి దక్కించుకున్నాననుకుంది.

అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. "నీళ్లు పోయనివ్వలేదటగా, మనవరాలు చెప్పింది. ఏవో గొడవలట, దాని మాటలు నాకు సరిగ్గా అర్థం కాలేదు. పోనీలే, దానికి ఏడుస్తారా? మా చెరువుకేం లోటు రానివ్వలేదు నేను."

"ఏంటక్కా?"

"మొన్న శుక్రవారం పక్క ఊళ్లో నిన్ను చూడ్డానికి వచ్చానా? పిల్లలంతా నీ మాట మీద అలా పోస్తుంటే కడుపు నిండిపోయింది. డ్రైవర్ని అడిగి ఒక సీసాడు పట్టించుకున్నాను. నీకు చెబితే చాదస్తమంటావని చెప్పలేదు. ఇంటికి రాగానే ఆ మెట్టు మీంచే పోశాను. నీ ప్రమాణం కూడా చెప్పాలే, సగం మర్చిపోయాననుకో."

కప్పలక్క అక్క మొహం చూసింది. మూడు వందల మంది ముందు చెప్పిన మాట ఈ ఒక్క మనిషికి చెప్పడానికి నోరు పెగల్లేదు. శుక్రవారం నుంచి నాలుగు రోజులు. చీర మడతల్లో వేళ్లు వాటంతటవే మిగతా లెక్క కట్టేశాయి.

"ఈ గోలకి చెవులు చిల్లులు పడుతున్నాయి" అంటూ అక్క లేచింది. "తలుపెయ్యనా?"

"వద్దక్కా" అంది కప్పలక్క. "ఇంకో పదహారు రోజులు తీసే ఉంచు."