మస్తాన్‌బీ సుద్దముక్క

ఈ ఉదయం గురజాల నుంచి ఒక జీపు వచ్చి మా కొట్టు ముందు ఆగింది. సీటు దింపి, పై రెగ్జిన్ కుట్టు కాస్త విప్పానో లేదో, పాత కొబ్బరిపీచు వాసన గుప్పున కొట్టింది. పీచూ, దుమ్మూ, ఎన్నో వేసవుల ఎండా, ఎవరో ఒలకబోసిన టీ, అన్నీ కలిసిన వాసన అది. కొత్తవాళ్ళకు తుమ్ములొస్తాయి. నాకు మాత్రం మా మస్తాన్‌బీ పిన్నమ్మ వచ్చి పక్కన నిలబడినట్టే ఉంటుంది. సీటు తిరగేసి చూద్దును కదా, అడుగు చెక్క మీద సుద్దముక్కతో రాసిన బండి నంబరు! సగం చెరిగిపోయినా అచ్చం ఆమె రాతే. "ఇది మా కొట్టులో కుట్టిన సీటేనండీ" అన్నాను డ్రైవరుతో. అతను నా మొహం చూసి తెల్లబోయాడు. చిరిగిపోయిన సీటును చూసి అంతగా మురిసిపోయే మనిషిని అతను ఎక్కడా చూసి ఉండడు.

మీరెవరూ ఆమెను చూసి ఉండరు కాబట్టి చెబుతాను. నరసరావుపేటలో, పల్నాడు రోడ్డు మీద, లారీలకూ జీపులకూ కార్లకూ సీట్లు కుట్టే కొట్టు ఆమెది. భర్త పోయాక కొట్టు మూసేస్తుందనుకున్నారట అందరూ. ఆమె మర్నాటి నుంచి ఇంకాస్త పెందలాడే తలుపులు తెరవడం మొదలుపెట్టింది. భారీ మనిషి, అంతకంటే భారీ గొంతు, బుగ్గన ఎప్పుడూ వక్క. తిడితే వీధి చివర టైర్ల కొట్టు దాకా వినబడేది, నవ్వితే ఇంకా అవతలికి. నేనప్పుడు ఇంట్లో జాకెట్లు కుట్టుకుని బతికేదాన్ని. ఒకనాడు తన జాకెట్టు కోసం వచ్చి, కొలత సరిపోయిందో లేదో చూసుకోవడం మానేసి, దాన్ని తిరగేసి లోపలి కుట్టు చూసింది.

"చెయ్యి ఆడుద్దిలే. లారీ సీటు కుడతావా?" అంది.

"నాకేం తెలుసు పిన్నమ్మా, నేనెప్పుడూ కుట్టలా."

"జాకెట్టు ఒక్క మనిషిని మోస్తే చాలు. సీటు ఊరందరినీ మొయ్యాల. రేపు రా, చూద్దాం."

ఆ 'చెయ్యి ఆడుద్దిలే' అన్నదే ఆమె నోట నేను విన్న మెప్పు. ఆ తర్వాత ఎన్నేళ్ళు చేసినా మరొకటి వినలేదు. పని విషయంలో ఆమెకు కొన్ని పట్టుదలలుండేవి. పాత సీటును బ్లేడు పెట్టి పరపరా చీరేస్తే ఊరుకునేది కాదు. ఒక్కొక్క కుట్టే విప్పాలి. లోపల దొరికిందేదైనా, విబూది పొట్లమో, గాజు ముక్కో, సినిమా టిక్కెట్టో, ఎనామెల్ పళ్ళెంలో పెట్టి బండి యజమానికి చూపించాకే కొత్త కవరు తొడగాలి. అన్నిటికంటే ముఖ్యం, సీటు దింపగానే అడుగున సుద్దముక్కతో బండి నంబరు రాయాలి. దీనికో కథ ఉంది. ఒక ఏడాది కోటప్పకొండ తిరునాళ్ళ ముందు, ఊళ్ళో ఉన్న జీపులూ వ్యాన్లూ అన్నీ ఒక్కసారే మీద పడిన హడావుడిలో, వెల్దుర్తి జీపు సీట్లు తీసుకెళ్ళి దాచేపల్లి జీపుకు బిగించేసిందట. ఇద్దరు డ్రైవర్లూ కొండ కింద జనంలో ఎదురుపడి, నా సీటంటే నా సీటని కొట్టుకోబోయారట. అది చెప్పేటప్పుడు నవ్వాపుకోలేక కళ్ళు తుడుచుకునేది. సుద్దముక్క మాత్రం ఆనాటి నుంచి ఆమె కొంగు ముడిలోంచి దిగలేదు.

ఇక అమెరికా కారు సంగతి. పత్తి మిల్లు శేషయ్య గారి నాన్నగారు, ఆ రోజుల్లో మద్రాసు రేవులో దించుకుని తెచ్చుకున్న కారు అది. రెండే తలుపులు, ముందు బానెట్టు మీద ఒక మనిషి హాయిగా పడుకోవచ్చు, ఇంజన్ స్టార్టు చేస్తే వీధిలో కిటికీలు గడగడలాడేవట. చాలాకాలం షెడ్డులో పడి ఉన్న దాన్ని మళ్ళీ తిరునాళ్ళకు తోలాలని శేషయ్య గారికి ముచ్చట పుట్టింది. రేకు పనివాళ్ళు పాత రంగంతా గీకి పారేశారు. సీట్లు మా దగ్గరకొచ్చాయి. కారు కూడా కొట్టు పక్క ఖాళీ స్థలంలో తెచ్చి పెట్టారు. అప్పుడు మొదలైంది గొడవ. కారు ఎప్పుడూ నలుపేనని శేషయ్య గారు. కాదు, ఇంటికొచ్చినప్పుడు పసుపు రంగని, నలుపు తర్వాత వేయించిందని వాళ్ళ అక్క కాంతమ్మ గారు.

"నాన్న నన్ను ముందు కూర్చోబెట్టుకుని కొండకి తీసకపోయాడు రా. నా పరికిణీ, కారూ ఒకటే రంగు. నువ్వప్పుడు ఉయ్యాల్లో ఉండావు, నీకేం తెలుసు?"

"అక్కా, ఇంట్లో ఫోటోలు చూడరాదా?"

"ఆ ఫోటోల్లో నేనూ నలుపే, నువ్వూ నలుపే!"

ఇది ఉత్త అక్కాతమ్ముళ్ళ సరదా తగువైతే నవ్వుకుని ఊరుకునేవాళ్ళం. కాంతమ్మ గారు మాచర్లలో కొడుకు దగ్గర ఉంటారు. ఒక్కరే బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, తమ్ముడింటికి వచ్చిపోవడం ఆమెకు పండగ. ఒకసారి పొరపాటున పిడుగురాళ్ళలో దిగిపోయారు. అప్పటి నుంచి కొడుకు ఆమెను ఒంటరిగా బస్సెక్కనివ్వడం లేదు. ఆరోజు కూడా తనే కారులో తీసుకొచ్చాడు. "సొంత కారు రంగే తప్పు చెబుతున్న మనిషిని బస్సులో ఎట్టా పంపను?" అని మా అందరి ముందే అన్నాడు. చెడ్డవాడు కాదు, భయం. కాంతమ్మ గారు నా పక్కన స్టూలు మీద కూర్చుని, ఎవరికీ వినబడకుండా, "నాకే మతి పోతందేమోనమ్మా" అన్నారు.

అలాంటి పాత అమెరికా కార్ల గురించి నేను ఫోనులో ఒక వీడియో చూశాను. ఫ్యాక్టరీలో ఏ బండికి ఏ ఇంజను, ఏ రంగు వెయ్యాలో రాసిన కాగితాన్ని పనివాళ్ళు సీటు స్ప్రింగుల్లోనే దోపేసేవారట. ఆ మాట చెప్పగానే మస్తాన్‌బీ పిన్నమ్మ వక్క ఉమ్మేసి వచ్చింది. "బ్లేడు ఎవ్వరూ ముట్టుకోమాకండి. నేనే విప్పుతా" అని ముందు సీటు ఒళ్ళో పెట్టుకుంది. అందరం చుట్టూ చేరాం. పీచు కింద, స్ప్రింగు తీగకు గుచ్చి, వేయించిన అప్పడంలా గోధుమరంగుకు తిరిగిన కాగితం! నిండా చిన్న చిన్న గళ్ళు, అంకెలు. రంగు గడిలో అంకెలు ఫోటో తీసి పాత కార్ల వాళ్ళ గ్రూపులో పెట్టాను. కాసేపటికే జవాబొచ్చింది. నలుపు.

శేషయ్య గారు తొడ చరిచారు. కాంతమ్మ గారి మొహం వాడిపోయింది. "సరే రా తమ్ముడూ, నీదే నిజం. నాకే ఏదో అయింది. పద నాయనా, పోదాం" అని కొడుకుతో అంటూ లేచారు.

"ఆగు అక్కయ్యా!" అని కేకేసింది పిన్నమ్మ. "ఏమే రాహేలూ, నంబరు చూశావా?"

నేను చూడలేదు. ఫ్యాక్టరీ కాగితం దొరికిన సంబరంలో అది ఎవరికి మాత్రం గుర్తుంది? పరుగెత్తి వెళ్ళి కారు ముందు అద్దం కింద రేకు మీద ఉన్న ఫ్యాక్టరీ నంబరును కాగితంలోని నంబరుతో పోల్చాను. కలవలేదు. మళ్ళీ చూశాను. ఊహూఁ.

"ఇది ఈ బండి కాయితం కాదు పిన్నమ్మా. ఇంకేదో బండిది."

"అదెట్టా కుదురుద్ది?" అన్నారు శేషయ్య గారు. "అంత పెద్ద ఫ్యాక్టరీ! అమెరికావోళ్ళు తప్పు జేస్తారా?"

పిన్నమ్మ పగలబడి నవ్వింది. "ఎందుకు జెయ్యరు అన్నాయ్? నేను వెల్దుర్తి సీట్లు దాచేపల్లికి బిగించలా? ఆ రోజు ఆళ్ళకీ ఏదో తిరనాళ్ళ అయ్యుంటది! ఎవుడో టీకి పోయే తొందరలో ఈ బండిది ఆ బండిలో దోపుంటాడు. ఆళ్ళూ మనోళ్ళే!"

అలా నవ్వుతూనే వెనక సీటు లాక్కుంది. ఎలుకలు గూడు కట్టుకున్నాయందులో. గుప్పెడు గుప్పెడుగా పీచంతా తీసేసింది. అడుగు స్ప్రింగుల్లో ఇంకో కాగితం దొరికింది, ఒక మూల కొరికేసి ఉంది. ఈసారి రంగు జోలికి పోకుండా ముందు నంబరు చూశాను. ఒక్కో అంకె పైకి చదువుతుంటే కాంతమ్మ గారు కారు దగ్గర నిలబడి రేకు మీది అంకెలు తిరిగి అప్పజెప్పారు. అన్నీ కలిశాయి. ఆ తర్వాత గ్రూపులో రంగు అడిగాను. పసుపు.

"నేను జెప్పలా! నేను జెప్పలా రా!" అంటూ కాంతమ్మ గారు తమ్ముడి వీపు మీద ఒక్కటి చరిచారు. ఓడిపోయినందుకు శేషయ్య గారు పడ్డ ఆనందం గెలిచినప్పుడు కూడా పడలేదు. కొడుకు తలదించుకుని, "పదమ్మా, బస్సు ఎక్కిస్తా" అన్నాడు మెల్లగా. "బస్టాండు ఎక్కడుందో నాకు తెలుసులే" అని ఆమె సంచీ చంకన పెట్టుకుని నడిచి వెళ్ళిపోయారు. ఆ తిరునాళ్ళకు పసుపు కారు ముందు సీట్లో ఆమె కూర్చున్నారు. వెనక మా ఇద్దరినీ ఎక్కించుకున్నారు. దారి పొడుగునా పిన్నమ్మ తను కుట్టిన సీటు మీదే ఎగిరెగిరి కూర్చుని స్ప్రింగులు పరీక్షించింది.

తిరునాళ్ళ మర్నాడే కొట్టులో కొత్త అలవాటు మొదలైంది. "ఎక్కడో సముద్రాల అవతలోడు కాయితం దోపితే ఇన్నేళ్ళకి మనకాడ ఒకామె బస్సెక్కింది. మనమెందుకు పెట్టగూడదు?" అంది పిన్నమ్మ. రెగ్జిన్ చుట్ట వచ్చే అట్టపెట్టెలు ముక్కలు చేసి, ప్రతి సీటులోనూ ఒకటి పెట్టేది. బండి నంబరు, కుట్టినవాళ్ళ పేరు, కింద తన కబుర్లు. 'ఇయ్యాల గోంగూర, ఉప్పెక్కువైంది' అని రాసి పెట్టడం నేనే చూశాను. నేను కుట్టిన సీట్లలో పెట్టేవి మాత్రం చూపించేది కాదు. అడిగితే, "నీకెందుకే? విప్పినోళ్ళు చదువుకుంటారు" అనేది. ఒకసారి జీపు సీటు మూల కుట్టు బాగాలేదని నాచేత విప్పించి, మళ్ళీ కుట్టించి, మళ్ళీ విప్పించింది. ఈ మనిషి చేత బాగుందనిపించుకోవడం నా వల్ల కాదని ఆరోజు ఏడ్చుకుంటూ ఇంటికి పోయాను. ఆమె పోయాక కొట్టు నాకొచ్చింది, ఆ మాట మాత్రం బాకీ ఉండిపోయిందనుకున్నాను.

ఈ ఉదయం గురజాల జీపు సీటు బ్లేడు పెట్టకుండా, ఒక్కొక్క కుట్టే విప్పాను. స్ప్రింగుల మధ్య అట్టముక్క ఉంది. ముందు నంబరు చూశాను. కలిసింది. కింద ఇలా ఉంది: 'కుట్టింది రాహేలు. మూల బాలేదని తిట్టి విప్పించా. మొదటిసారే బాగుంది. ఇంకా బాగా వస్తదేమో చూద్దామని. వచ్చింది. నా చెయ్యి కన్నా దీని చెయ్యే మంచిది. దానికి చెప్పమాకండి.'

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. డ్రైవరు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చాడు. అట్టముక్కను పళ్ళెంలో పెట్టి అతనికి చూపించాను, పద్ధతి పద్ధతే కదా. సాయంత్రానికి కొత్త పీచు పరిచి, దాన్ని మళ్ళీ దాని చోటనే పెట్టాను. పక్కన నాదొకటి పెట్టాను. బండి నంబరు వేసి, కుట్టింది రాహేలు అని రాసి, కింద ఒక్క ముక్క: 'నాకు తెలిసిపోయింది పిన్నమ్మా.'