పంపు హౌసు గోడ మీది ఆకాశం

మా బాబాయి దేన్ని చూసినా ఒక కన్ను మూసి, బొటనవేలు ముందుకు చాచి, "కాస్త నీలం పడాలి" అనేవాడు. పిన్ని వండిన కూర చూసి కూడా అన్నాడు. ఆ పూట పస్తు పడుకున్నాడు.

నాటకాలకు తెరలు చిత్రించిన మనిషి. జీవితంలో సగం అడవులూ రాజమహళ్లూ గుడ్డ మీద వేశాడు. నాటకాలు ఆగిపోయాక, వార్డంతా ఎరిగిన ముఖం కదా అని జనం కౌన్సిలర్ని చేశారు. చొక్కాలు మారాయి గాని వాటి మీది రంగు మరకలు మారలేదు.

"కాలవ పొంగుతోందండీ, కంపుకి చస్తున్నాం!"

"అందులో మేడ నీడ ఎంత బాగా పడిందో చూశారా? కాస్త నీలం..."

"నీలం తర్వాత! ముందు మనుషుల్ని పంపండి మహాప్రభో!"

పంపేవాడు. కాలవ బాగుపడేది. నీడ పోయిందని ఆయన బెంగపెట్టుకునేవాడు.

ఒకసారి సభలో మేయరమ్మ మండిపడింది. "నాకేనా కన్ను కొడుతున్నారు?"

"మిమ్మల్ని కాదమ్మా, మీ వెనక గోడను చూస్తున్నాను."

ఆవిడకు ఇంకా కోపం వచ్చింది.

వార్డుకు నీళ్లు చాలవని కొట్లాడి పంపు హౌసు కట్టించాడు. మంచి పేరొచ్చింది. ఆ పేరు తనే పాడుచేసుకున్నాడు. రోజూ పొద్దున్నే నిచ్చెన వేసుకుని, ఎవరూ నడవని సందులో, పంపు హౌసు వెనక గోడ మీద ఆకాశం వేసేవాడు. నిన్నటి మబ్బులు చెరిపి ఇవాళ్టివి. తెల్లవారుజామున అటు వెళితే, ఏది గోడో ఏది ఆకాశమో నాకు తెలిసేది కాదు. నిచ్చెన మీది బాబాయి గాలిలో నిలబడ్డట్టు ఉండేవాడు.

"మన కౌన్సిలరు మబ్బులు మేపుతున్నాడు" అని ఎదుటి పక్షం వీధివీధినా నవ్వింది.

"ఎన్నికలు నెత్తిమీదున్నాయి, ఓట్లడగండి" అని పిన్ని మొత్తుకుంది.

"సాయంత్రం అడుగుతాలే. ఈ వెలుగు సాయంత్రం దాకా ఆగదు."

ఓడిపోయాడు. మర్నాడు మళ్లీ నిచ్చెన భుజానేసుకున్నాడు.

"ఇంకెక్కడికి? పదవి పోయిందిగా!" అంది పిన్ని.

"పదవి పోతే మబ్బులు పోతాయా?"

బాబాయి పోయాక, రంగు డబ్బాలు తెచ్చుకుందామని ఆ సందులోకి వెళ్లాను. గోడకెదురుగా ఉన్న కిటికీలోంచి ఒక గొంతు, "ఇన్నాళ్లూ రాలేదేం?" అంది. నన్ను చూసి ఆగిపోయింది. బాబాయి పోయాడని చెప్పాను.

ఆయన తెరలన్నీ కుట్టిన ఆవిడ. కాళ్లు పడిపోయి, మంచం కిటికీ పక్కకు చేరింది.

"ఈ కిటికీకి జానెడు ఆకాశం ఉండేదబ్బాయ్. పంపు హౌసు వస్తే పోతుందని మీ బాబాయి కాగితం మీద సంతకం పెట్టలేక తిరిగాడు. జనానికి నీళ్లు కావాలి, పెట్టవయ్యా అని నేనే తిట్టాను. 'నీ ఆకాశం పూచీ నాది' అన్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాను, జాలిపడతారని."

నేను గోడ వైపు తిరిగి ఆ మబ్బుల్ని చూశాను.

"అయితే ఒకటి. ఆయన మబ్బేసిన రోజు ఒక్క చుక్క పడితే ఒట్టు! నమ్మి ఎన్నిసార్లు కిటికీ మూయించానో!"

నిచ్చెనెక్కి కుంచె పట్టాను. ఎంత తంటాలు పడ్డా నా మబ్బు పిండిముద్దలా వచ్చింది. వెనక్కి తిరిగి చూశాను. ఆవిడ ఒక కన్ను మూసి, కిటికీ ఊచల్లోంచి బొటనవేలు బయటికి చాచింది.

"కాస్త నీలం పడాలి."